మౌలాలిలో అంగడి చదువు

సికింద్రాబాద్ నుంచి కాజీపేట దారి పట్టిన రైలు కాసేపట్లోనే మౌలాలి చేరుతుంది. మౌలాలి అనగానే కొందరికి గుట్ట మీది దర్గా గుర్తొస్తుంది, కొందరికి రైల్వే లోకో షెడ్డు, ఇంకొందరికి హౌసింగ్ బోర్డు కాలనీ. నేను ఇక్కడికి కొట్లు చూడడానికి వెళ్లాను. టోక్యో, పారిస్, సియోల్ నగరాల్లో అమ్మకందారులు కొనేవాళ్ల మనసు ఎలా గెలుచుకుంటున్నారో కొన్నేళ్లుగా ఇష్టంగా చదువుతున్నాను. ఆ చదువును మన ఊళ్లోని ఒక పాత పేటలో, కాలినడకన తిరుగుతూ సరిచూసుకోవాలనిపించింది.

మౌలాలిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ మూడు రకాల కొనుగోలుదారులు ఒకే మైలు దూరంలో కనిపిస్తారు. గుట్ట ఎక్కే యాత్రికులు, రైలు దిగే ఉద్యోగులు, కాలనీల్లో కాపురముండే కుటుంబాలు. ముగ్గురి తొందర వేరు, చేతిలో డబ్బు వేరు, కావలసిన సరుకూ వేరే. ముగ్గురికీ అమ్మగలిగిన ఊరు నేర్పగలిగింది చాలా ఉంటుంది.

గుట్ట కథ కుతుబ్‌షాహీల నాటిది. ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో పనిచేసే యాకూత్ అనే సేవకుడికి 1578లో కల వచ్చిందని, ఆ కలలో హజ్రత్ అలీ ఈ గుట్ట మీద కనిపించారని, మర్నాడు వచ్చి చూస్తే రాతి మీద ఆయన అరచేతి గుర్తు ఉందని ఇక్కడివాళ్లు చెబుతారు. ఆ నమ్మకం మీదే దర్గా వెలిసింది. ఆసఫ్‌జాహీల కాలానికి రజబ్ నెల ఉర్సు పెద్ద జాతర అయింది. నిజాం పరివారం, అమీర్లు గుట్ట కింద విడిది చేసేవారు. జనం ఉన్న చోటికి అంగడి రావడం లోకరీతి. మౌలాలి వ్యాపారానికి పునాది ఆ జాతరే.

మెట్ల మొదట్లో పూలు, చాదర్లు, అగరొత్తులు, పటికబెల్లం అమ్మే కొట్లున్నాయి. నేను దగ్గరికి వెళ్లగానే ఒక కొట్టు పెద్దాయన సరుకు చూపించలేదు. నా కాళ్ల వైపు చూశాడు. “చెప్పులు ఇక్కడ పెట్టండమ్మా, పైసలేం లేవు. దిగినాక తీసుకోండి” అన్నాడు. పక్కనే నీళ్ల కూజా, కూర్చోడానికి ఒక బల్ల. నేను కొంటానో లేదో ఆయనకు తెలియదు. అడగలేదు కూడా. ఎండకు కాలిన రాతిమెట్లు ఎక్కబోయే మనిషికి ముందుగా ఏం కావాలో ఆయనకు తెలుసు. పూలు తర్వాత కొన్నాను. చెప్పులు ఆయన దగ్గర ఉన్నాయి గనుక దిగి వచ్చి మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాను. మనవరాలి కోసం పటికబెల్లం పొట్లం కూడా తీసుకున్నాను.

ఇదే తెలివి మూడున్నర శతాబ్దాల కిందట జపాన్‌లో ఒక బట్టల వర్తకుడికి కలిగింది. మిత్సుయి తకతోషి 1673లో ఎడో నగరంలో, అంటే ఇవాళ్టి టోక్యోలో, ఎచిగోయా అనే కొట్టు తెరిచాడు. వాన పడితే వచ్చినవాళ్లకు కొట్టు గుర్తు వేసిన గొడుగులు అరువిచ్చేవారు. తడవకుండా ఇల్లు చేరిన మనిషి గొడుగు తిరిగివ్వడానికి మళ్లీ వస్తాడు. వీధి పొడవునా ఆ గుర్తు పదిమంది కంట్లో పడుతుంది. ఆ కొట్టే పెరిగి పెరిగి మిత్సుకోషి అనే పెద్ద వ్యాపార సంస్థ అయింది. మౌలాలి పెద్దాయన ఎచిగోయా పేరు విని ఉండడు. మనిషి అవసరాన్ని సరుకు కంటే ముందు చూసిన ఇద్దరూ ఒకే చోటికి చేరుకున్నారు.

ఆ కొట్లలోనే ఇంకో పద్ధతి నచ్చింది. పూలు, అగరొత్తులు, పటికబెల్లం కలిపి పళ్లేల్లో సర్ది ఉంచుతారు. చిన్న పళ్లెం, పెద్ద పళ్లెం, చాదర్‌తో కలిపిన పళ్లెం. మొదటిసారి వచ్చినవాళ్లకు ఏం తీసుకెళ్లాలో తెలియదు. అడగడానికి బిడియం. సర్దిన పళ్లెం ఆ బిడియాన్ని తీసేస్తుంది. హిందువులూ ఎంతోమంది ఈ గుట్ట ఎక్కుతారు కాబట్టి కొబ్బరికాయలూ అమ్మకానికి ఉన్నాయి. వచ్చేవాళ్ల ఆచారాన్ని బట్టే ఇక్కడి సరుకు మారింది.

మెట్లు దాదాపు 500. మధ్యలో ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎక్కాలి. పైన దర్గా లోపల గోడల నిండా అద్దాల పనితనం. బయటికొచ్చి నిలబడితే రైలు పట్టాలు, కార్ఖానాల రేకులు, మల్కాజిగిరి మేడలు, వాటి వెనక మసకగా నగరమంతా. కింద మహ్ లఖా బాయి సమాధి తోట ఉంది. ఉర్దూలో దీవాన్, అంటే కవితా సంపుటి, వెలువరించిన తొలి కవయిత్రుల్లో ఒకరైన ఆమె (1768–1824) తన తల్లి కోసం 1792లో కట్టించిన కట్టడమది. తర్వాత ఆమెను కూడా అక్కడే సమాధి చేశారు. ఆ కట్టడాన్ని కొన్నేళ్ల కిందట బాగుచేశారు. గుట్ట ఎక్కి దిగినవాళ్లలో ఎంతోమంది దీన్ని చూడకుండానే వెళ్లిపోతున్నారు. మెట్ల దగ్గర దారి చూపే ఒక పటం, కొట్లలో ఆమె గురించి రెండు పేజీల చిన్న పుస్తకం ఉంటే యాత్రికుడు ఇంకో గంట ఇక్కడే ఉంటాడు. ఆ గంటలో టీ తాగుతాడు, ఏదో ఒకటి కొంటాడు.

మధ్యాహ్నం స్టేషన్ దగ్గర గడిపాను. 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్‌ల మీదుగా లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలయ్యాక హైటెక్ సిటీ వైపు పనిచేసేవాళ్లకు ఈ దారి తెరుచుకుంది. రైలు దిగిన మనిషి నిమిషం కూడా ఆగడు. అందుకే స్టేషన్ బయట అమ్మేవాళ్లు తూకం జోలికి పోరు. కోసి ఉప్పుకారం చల్లిన జామకాయలు, మూరల లెక్కన కొలిచి చుట్టిన మల్లెపూలు, కట్టలు కట్టిన కొత్తిమీర. నడక ఆపకుండా చెయ్యి చాచి తీసుకుని, ఫోన్‌తో డబ్బు కట్టి, ముందుకు సాగిపోవచ్చు. గల్లా పక్కన పెట్టిన చిన్న డబ్బా ‘రూపాయలు అందాయి’ అని తెలుగులో గట్టిగా చెబుతుంది. అమ్మే మనిషి తల ఎత్తి ఫోన్ చూడనక్కర్లేదు, చెయ్యి జామకాయ మీదే ఉంటుంది.

2011లో దక్షిణ కొరియాలోని హోమ్‌ప్లస్ సంస్థ సియోల్‌లోని ఒక మెట్రో స్టేషన్ గోడల మీద తన దుకాణం అరల బొమ్మలు నిలువెత్తున అతికించింది. పాలు, పండ్లు, సబ్బులు అన్నీ బొమ్మలే. ఒక్కో బొమ్మ కింద ఒక కోడ్. రైలు కోసం నిలబడ్డవాళ్లు ఫోన్‌తో కోడ్ చదివిస్తే సరుకు ఇంటికి వెళ్లేది. ప్రపంచమంతా మెచ్చుకున్న ఆలోచన అది. జనం దుకాణానికి రాలేకపోతే దుకాణమే జనం నిలబడే చోటికి వెళ్లాలన్నది దాని సారం. మౌలాలి స్టేషన్ బయట తట్ట పెట్టుకున్న అక్క రోజూ చేస్తున్నది అదే. రైలు వేళలు ఆమెకు నోటికి వచ్చు. సాయంత్రం బండి రాకముందే మల్లెపూలు తడిపి, మూరలు కొలిచి, సిద్ధంగా ఉంచుతుంది.

పొద్దువాలాక ఒక కాలనీ రోడ్డు మీద వారపు అంగడి మొదలైంది. హైదరాబాద్ చుట్టుపక్కల కాలనీల్లో రోజుకో చోట ఇలాంటి అంగళ్లు కూడతాయి. ఇవాళ ఇక్కడ, రేపు పక్క కాలనీలో. కూరగాయల నుంచి ప్లాస్టిక్ బకెట్ల దాకా, ఎండుచేపల నుంచి పిల్లల గౌన్ల దాకా అన్నీ వస్తాయి. రోడ్డుకు రెండు వైపులా తెల్లటి దీపాలు, వాటి కింద నవనవలాడే టమాటాలు. దానిమ్మ పండ్ల బండి దగ్గర ఆగగానే ఆ తమ్ముడు ఒక కాయ ఒలిచి నాలుగు గింజలు నా అరచేతిలో పెట్టాడు. “తిని చూడక్కా. తియ్యగ లేకుంటే తీస్కోకు” అన్నాడు. తిన్నాక తీసుకోకుండా కదలడం ఎవరివల్లా కాదు. పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లు ఒక మనిషిని నిలబెట్టి రుచి చూపించే ఏర్పాటు ఇక్కడ బండికొకటి.

ఈ అంగట్లో నన్ను బాగా ఆకట్టుకున్నది కుప్ప బేరం. వంకాయలు కుప్ప ఇరవై, బెండకాయలు కుప్ప ఇరవై, పచ్చిమిర్చి కుప్ప పది. కుప్పలు కొనేవాళ్ల కళ్ల ముందే ఉంటాయి. ఏది పెద్దదో చూసి ఎంచుకుంటారు. తూకం మీద అనుమానం లేదు, ధర మీద వాదన లేదు. బేరమాడడం రానివాళ్లకు, చిన్నపిల్లలను పంపినవాళ్లకు ఇది గొప్ప వరం. ఇలాగే 1852 నుంచి పారిస్‌లో అరిస్తీద్ బుసికో తన బాన్ మార్షే దుకాణంలో అందరికీ ఒకే ధర పద్ధతిని నడిపాడు. నచ్చకపోతే సరుకు వెనక్కి తీసుకున్నాడు. అప్పట్లో చాలాచోట్ల మనిషిని బట్టి ధర చెప్పేవారు. కొనేవాళ్ల భయం పోయాక వ్యాపారం ఎంత పెరుగుతుందో ఆ దుకాణం లోకానికి చూపించింది.

మౌలాలికి దగ్గర్లోని కుషాయిగూడ రైతుబజారులో ఈ భయం తీసే పని ప్రభుత్వమే చేస్తుంది. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. పండించినవాళ్లే అమ్మడం, ఆ రోజు ధరలు బోర్డు మీద అందరికీ కనిపించేలా రాయడం వీటి ప్రత్యేకత. గేటులో అడుగుపెడుతూనే ధర చదువుకున్న ఇల్లాలు లోపల ధీమాగా తిరుగుతుంది. ఒక్క బోర్డు ఇంత పని చేస్తున్నప్పుడు ప్రతి వారపు అంగడి మొదట్లోనూ ఒకటి ఎందుకు ఉండకూడదు?

రాత్రి బాగా పొద్దుపోయాక అంగట్లో ధరలు దిగడం మొదలైంది. ఆకుకూర మూడు కట్టలు పది నుంచి ఐదు కట్టలు పదికి వచ్చింది. వాడిపోయేది పారబోయడం కంటే తక్కువకు ఇవ్వడం నయం. జపాన్ సూపర్ మార్కెట్లలో సాయంత్రం కాగానే వండిన అన్నం పెట్టెల మీద తగ్గింపు చీటీలు అతికిస్తారు. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు ఆ వేళకే వస్తారు. మౌలాలిలోనూ పనుల నుంచి ఆలస్యంగా వచ్చే కూలీ కుటుంబాలు ఆ చివరి గంటకే సంచులతో కనిపించాయి. ఆ ఒక్క గంట వాళ్ల వారం ఖర్చును తేలిక చేస్తుంది.

కాలనీ మూలమీద కిరాణా కొట్టు ఇంకా తెరిచే ఉంది. ఒక పాప వచ్చి, “అంకుల్, అమ్మ చాయ్‌పత్తా తెమ్మంది” అంది. ఏ కంపెనీదో, ఎంత పొట్లమో ఆ పిల్ల చెప్పలేదు. కొట్టాయన అడగలేదు. తీసిచ్చి పుస్తకంలో రాసుకున్నాడు. ఇలా కొట్టాయనే సరుకు తీసిచ్చే పద్ధతిని మారుస్తూ 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచి, కొనేవాళ్లే లోపల తిరిగి సరుకు తీసుకునే పద్ధతి తెచ్చాడు. 2018లో అమెజాన్ సియాటిల్‌లో గల్లా దగ్గర ఆగకుండా సరుకు తీసుకుని వెళ్లిపోయే దుకాణం తెరిచింది. కెమెరాలు చూస్తాయి, బిల్లు తర్వాత వస్తుంది. ఖర్చుతో కూడిన ఆ పద్ధతిని 2024లో తన పెద్ద కిరాణా దుకాణాల నుంచి తీసేసింది. మౌలాలి పాప ఆగకుండానే వెళ్లిపోయింది. ఆమెను చూసింది కెమెరా కాదు, వాళ్ల ఇంట్లో ఏ చాయ్‌పత్తా వాడతారో ఎరిగిన మనిషి. నెల మొదట్లో జీతం రాగానే ఉద్దెర తీరుతుంది.

అంతా బాగుందని చెప్పను. గుట్ట కింద నీడ చాలదు, శుభ్రమైన మరుగుదొడ్లు దొరకవు. ముసలివాళ్లకు, పిల్లల తల్లులకు ఇది పెద్ద కష్టం. అంగడి రోజున రోడ్డు సగం మూసుకుపోయి బండ్లు కదలవు. రోజంతా నిలబడే అమ్మకందారులకు తాగునీరు, చెత్తబుట్ట కూడా ఎవరో ఒకరు చూడాలి. కొన్ని తక్కెళ్ల మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర కనిపించలేదు. ఇక కూర్చునే చోటు సంగతి. 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో దేశంలోనే తొలి దుకాణం తెరిచిన ఫర్నిచర్ సంస్థ ఐకియా వెయ్యిమంది కూర్చుని తినే భోజనశాలతో మొదలైంది. అలసినవాళ్లను కూర్చోబెడితే ఇంకాసేపు ఉంటారని దానికి తెలుసు. మౌలాలి మెట్ల దగ్గర పది బల్లలు, ఒక నీడ పందిరి వేయడానికి ఐకియా అంత పెట్టుబడి అక్కర్లేదు.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో వీధి వ్యాపారులకు 40 శాతం చోటు ఇవ్వాలి. ఎప్పటినుంచో కూడుతున్న అంగళ్లను గుర్తించి చోటు చూపించాలి. మౌలాలి అంగడికి దీపాలు, నీళ్లు, మరుగుదొడ్డి, ధరల బోర్డు, బండ్లు నిలపడానికి స్థలం కేటాయించమని మున్సిపల్ అధికారులను కోరుతున్నాను. కొత్తగా దుకాణం పెట్టాలనుకునే యువతీయువకులు విదేశాల వీడియోలు చూడండి, తప్పక చూడండి. కానీ అంతకంటే ముందు ఒక సాయంత్రం మౌలాలి మెట్ల దగ్గర, స్టేషన్ బయట, వారపు అంగట్లో నిలబడి కొనేవాళ్ల కాళ్లు ఎక్కడ ఆగుతున్నాయో, చేతులు దేన్ని తాకి వదిలేస్తున్నాయో గమనించండి. వ్యాపారంలో పనికొచ్చిన ప్రతి కొత్త ఆలోచనా ఎవరో ఒకరు అలా ఓపికగా గమనించినప్పుడే పుట్టింది.