కుక్క తోకా, గోదావరీ

ఖమ్మంలో బస్సెక్కి భద్రాచలం వెళ్ళేవారికి దారిలో మూడు రంగులు ఎదురవుతాయి. మొదట ఖమ్మం మార్కెట్టులో రాసులు పోసిన మిరపకాయల ఎరుపు. తరువాత కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు నలుపు. పాల్వంచ దాటిన తరువాత అడవి పచ్చదనం. టేకు, తునికి, ఇప్పచెట్ల నడుమ సాగిన రోడ్డు సారపాక దాటగానే గోదావరి ఒడ్డున తేలుతుంది. 1965లో వంతెన తెరిచేదాకా అవతలి ఒడ్డున ఉన్న రామయ్యను చూడాలంటే పడవే శరణ్యం. వరద రోజుల్లో ఆ నీటి విసురు చూసినవారికి "కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్టు" అన్న సామెతకు అర్థం వేరే చెప్పనక్కరలేదు.

కాని కుక్కను నమ్ముకుని అడుగు ముందుకు వేసేవారు లోకంలో లేకపోలేదు. ఈ గోదావరి ఒడ్డునే, ఈ అడవి అంచునే ఉన్నారు. అలాంటివారికి కుక్క వట్టి పెంపుడు జంతువు కాదు, ముందు నడిచే కన్ను. ఆ కన్నుకు ఒక దురలవాటు పట్టుకుంటే వెనుక నడిచే మనిషి గతి ఏమిటి? "కుక్క తోక వంకర" అని చేతులు దులుపుకోవలసిందేనా?

ఇప్పపూల వేళ

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు పోతే దారి పొడుగునా కోయగూడేలు కనిపిస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలలు ఇప్పపూలు రాలే కాలం. తెల్లవారకముందే ఆడవాళ్ళూ పిల్లలూ బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి బయలుదేరుతారు. తీరా ఇప్పపువ్వంటే ఎలుగుబంటికీ ప్రాణమే! అదీ ఆ వేళకే, ఆ చెట్టు కిందికే వస్తుంది. ఇలాంటి చోట కుక్క తోడుంటే మనిషికి ధైర్యం. ముందు పోయే కుక్క వాసన పట్టి, చెవులు రిక్కించి ఆగిపోతే, వెనుక వచ్చేవారూ ఆగిపోతారు. అంతకు మించి ఆ కుక్క చేయవలసింది ఏమీ లేదు.

మరో రకం కుక్క ఉంటుంది. ఎలుగు వాసన తగిలితే చాలు, మొరుగుతూ మీదికి దూకుతుంది. ఎలుగు తిరగబడేసరికి దాని వీరత్వం కాస్తా హరించుకుపోతుంది. తోక ముడుచుకుని తిన్నగా యజమాని కాళ్ళ దగ్గరికే పరుగెత్తి వస్తుంది. దాని వెనుకే ఎలుగూ వస్తుంది! అడవి అంచున ఇంతకంటె ప్రమాదకరమైన దురలవాటు కుక్కకు లేదు.

ఆ తరిమే గుణం కుక్కకు కొత్తగా వచ్చినది కాదు. పూర్వం వేటలో ఆ గుణానికే మెప్పు. భూమి పండుగకు మగవారు వేటకు పోవడం కోయల ఆచారం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత వేట నేరమైంది. కిన్నెరసాని అడవిలో దుప్పిని తరిమిన కుక్క ఈనాడు యజమానికి చిక్కు తెచ్చిపెడుతుంది. అడవి జంతువులకు రోగాలూ అంటిస్తుంది. కుక్క ఉన్నట్టే ఉన్నది. దాని గుణానికి మనం పెట్టిన పేరు మారింది, అంతే.

చూపు లేనివారి తోడు

ఇప్పుడు అడవి విడిచి కొంచెం దూరదేశం పోదాం. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో దారి చూపే కుక్కలకు బడి పెట్టారు. 1928లో మోరిస్ ఫ్రాంక్ అనే అంధుడైన అమెరికా యువకుడు స్విట్జర్లాండులో శిక్షణ పొంది, బడ్డీ అనే కుక్కను వెంటబెట్టుకుని తిరిగివచ్చాడు. న్యూయార్కులో మోటార్లు హోరెత్తిపోయే వీథిని ఆ కుక్క సాయంతో దాటాడు. మరుసటి ఏడే అమెరికాలో 'ది సీయింగ్ ఐ' అనే శిక్షణ సంస్థ వెలిసింది.

ఈ కుక్క వీపుకు ఒక పట్టీ, దానికి గట్టి పిడి ఉంటాయి. పిడి పట్టుకున్నవారికి కుక్క ఆగినదీ, తిరిగినదీ చేతికి తెలుస్తుంది. యజమాని "పద" అన్నా ఎదురుగా బండి వస్తూంటే అది కదలదు. మాట వినకపోవడం కూడా దానికి నేర్పిన విద్యే!

ఇంత చదువు చదివిన కుక్కకూ దురలవాట్లు పడతాయి. వాటిలో మొదటిది తిండి యావ. శ్రీరామనవమినాటి భద్రాచలం వీథులను తలుచుకోండి. లక్షల జనం, ఎక్కడ చూసినా పారేసిన విస్తళ్ళు, పులిహోర మెతుకులు. అక్కడ కుక్క ఒక్కసారి తలవంచి పక్కకు లాగితే పిడి పట్టుకున్న మనిషి మెట్టు తప్పుతాడు. రెండవది తోటి కుక్కల మీద ధ్యాస. మన ఊళ్ళలో సందుకు పది కుక్కలు. ఇక్కడ దారి చూపే కుక్కలు అరుదుగా ఉండడానికి వీథికుక్కలూ, నడవడానికి వీలులేని కాలిబాటలూ కూడా కారణాలే. మూడవది అడుగడుగునా వాసన చూడడం.

మందు ఎక్కడ వేయాలి?

కొట్టి మాన్పిద్దామని చాలామందికి తోస్తుంది. దెబ్బలు తిన్న కుక్క తిండిని విడవదు, యజమానిని చూసి బెదరడం మాత్రం నేర్చుకుంటుంది. బెదిరిన కుక్క దారి ఏం చూపుతుంది? తెలిసిన శిక్షకులు వేరే పద్ధతి పాటిస్తారు. తిండి వేళకే, దాని గిన్నెలోనే పెడతారు. భోజనాల దగ్గర ముద్ద విసరడం పూర్తిగా మానేస్తారు. దారిలో కావాలని తినుబండారం పెట్టి, "వద్దు" అని చెప్పి నడిపిస్తారు. ముట్టకుండా దాటిన క్షణంలోనే మెచ్చుకుని బహుమానం ఇస్తారు. మొదట దూరం నుంచి, తరువాత దగ్గరగా, చివరకు కాలిపక్కనే పెట్టి చూస్తారు. ఇది రోజుల తరబడి ఓపికతో సాగవలసిన పని. ఇంట్లో నలుగురిదీ ఒకే మాట కావాలి. నాన్న వద్దన్నది అమ్మమ్మ బల్ల కింద పెడితే నెల రోజుల చదువు ఒక్క ముద్దతో పోతుంది!

అన్నిటికంటె సూక్ష్మమైన దురలవాటు మరొకటి ఉన్నది. అది యజమాని మనసు కనిపెట్టి, ఆయనకు కావలసిన జవాబే చెప్పడం. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు వాసన పట్టే కుక్కలనూ, వాటి శిక్షకులనూ కలిపి 18 జట్లను పరీక్షించారు. మాదకద్రవ్యం గాని, పేలుడు మందు గాని ఎక్కడా లేదు. కాని ఫలానా గుర్తు ఉన్నచోట ఉన్నదని శిక్షకులను నమ్మించారు. చాలా కుక్కలు లేనిదాన్ని "ఉన్నది" అని చూపినట్టు లెక్క తేలింది. ముఖ్యంగా శిక్షకులు నమ్మిన చోటనే! తప్పు పట్టదలిస్తే కుక్క ముక్కును ఒక్కదాన్నే పట్టలేము.

ఈ సంగతి చర్ల, వెంకటాపురం అడవులకు వచ్చేసరికి ప్రాణాల మీది మాట. ఇక్కడి బాటల కింద మందుపాతరలు పాతిన రోజులున్నాయి. జవాన్ల దళానికి ముందుగా నడిచింది కుక్కే. అది ఎముక కోసం పక్కకు పోయినా, శిక్షకుని తొందర చూసి "ఏమీ లేదు" అన్నట్టు సాగిపోయినా, ఆ అడుగును వెనక్కు తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

2025 ఏప్రిల్‌లో వెంకటాపురానికి పైన, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల గాలింపులో సి.ఆర్.పి.ఎఫ్.వారి రోలో అనే రెండేళ్ళ కుక్క పాల్గొన్నది. పేలుడు మందుల వాసన పట్టడం దాని విధి. ఏప్రిల్ 27న తేనెటీగల గుంపు విరుచుకుపడింది. శిక్షకులు ప్లాస్టిక్ పట్టా కప్పి కాపాడబోయినా ఈగలు లోపలికి దూరాయి. దాని ప్రాణం దక్కలేదు. మరణానంతరం దానికి ప్రశంసాపతకం ప్రకటించారు. మందుపాతరకు నేర్పిన చదువు తేనెటీగలకు అక్కరకు రాలేదు. కుక్కకు మనం ఎంత నేర్పినా, దాన్ని ఎక్కడికి తీసుకుపోతున్నామో చూసుకోవలసిన బాధ్యత మనదే.

ఇది చదివిన గృహస్థులకు ఒక చిన్న మనవి. చూపు లేనివారి వెంట గాని, పోలీసుల వెంట గాని పట్టీ కట్టుకుని నడిచే కుక్క ఎదురైతే ముచ్చటపడి నిమరవద్దు, ఈల వేయవద్దు, బిస్కెట్టు విసరవద్దు. పిల్లలకూ చెప్పండి. మనకు అది ఒక నిమిషం సరదా, దానికి అదే కొత్త దురలవాటుకు ఓనమాలు.

గోదావరి ఈదడానికి కుక్క తోక పనికిరాదన్న మాట నిజమే, పడవ ఎక్కడం మంచిది. ఒడ్డు మీద మాత్రం దాని వెంట నడవవచ్చు. అయితే ముందు మన చేతి అలవాట్లు సరిచేసుకోవాలి.