గోడకి రెండు కళ్ళుండాలి

గో ఆట గురించి రాయమని మొన్న ఇద్దరు ముగ్గురు అడిగారు. చదరంగం లాంటిదా అంటే కాదు, మన పులి-మేకకే కాస్త దగ్గర. అందులో మేక పులిని చంపలేదు. పదిహేను మేకలూ కలిసి మూడు పులులకి కదలడానికి చోటు లేకుండా చేస్తాయి. గోలోనూ గొడవంతా చోటు గురించే. 19 నిలువు గీతలు, 19 అడ్డ గీతలు, 361 కూడళ్ళు. పెట్టిన రాయి కదలదు. ఎక్కువ చోటు చుట్టుకున్నవాడిది గెలుపు.

నేను నేర్చుకున్నది సియాటిల్ గో సెంటర్‌లో. జపాన్ ఆటగాడు ఇవామోతో కవోరు ఇచ్చిన సొమ్ముతో 1995లో మొదలైంది అది. కొత్తలో అందరిలాగే నేనూ అంచులు పట్టుకునే ఆడాను. మూడో గీత మీద రాళ్ళు పేరిస్తే కింద చోటు ఖాయం, లెక్కపెట్టుకోవచ్చు. నాలుగో గీత మీద ఆడేవాడికి చేతిలో ఏమీ కనపడదు. వాడికి దక్కేది పలుకుబడి. ఆట నడిమికి వచ్చాకే దాని విలువ తెలుస్తుంది.

పలుకుబడి పెంచుకునే ఎత్తుల్లో రెండు చెప్తా. ఒకటి, భుజం మీద తట్టడం. ఎదుటివాడి రాయికి ఐమూలగా, పైన మన రాయి పెడతాం. వాడు కింద పాక్కుంటూ కొంచెం చోటు సంపాదిస్తాడు. పైన మనకి గోడ లేస్తుంది. 2016 మార్చిలో సియోల్‌లో లీ సెడోల్ మీద ఆల్ఫాగో రెండో ఆటలో వేసిన 37వ ఎత్తు ఇదే. కాకపోతే ఐదో గీత మీద వేసింది. ఎదుటివాడికి నాలుగో గీత మీద చోటిచ్చేయడం దండగని అప్పటిదాకా అందరి నమ్మకం. ఆ ఆట ఆల్ఫాగోదే.

రెండోది, టోపీ పెట్టడం. మోసం కాదు లెండి! వాడి రాయి నడిమికి రాకుండా, ఒక కూడలి వదిలి నెత్తిన మన రాయి పెట్టడం. జపాన్ వాళ్ళు బోషి అంటారు, అంటే టోపీయే.

గోడ లేచాక దాని పక్కనే దడి కట్టి ఇదంతా నాదే అనుకోబుద్ధవుతుంది. అలా చేస్తే గోడ వృథా. వాడి బలహీనమైన రాళ్ళని దూరం నుంచి గోడ వైపు తోలుకురావాలి. చంపక్కర్లేదు. తరిమే దారిలో పడిన మన రాళ్ళే ఇంకోపక్క చోటు సంపాదిస్తాయి.

అసలు సంగతి ఇక్కడుంది. గోడ ముందు బతికుండాలి. చుట్టుముట్టినా చావకుండా ఉండాలంటే గుంపు లోపల రెండు ఖాళీ గదులుండాలి. వాటినే కళ్ళంటారు. ఒక్క కన్ను చాలదు. కళ్ళు లేని గోడ ఎంత పొడుగున్నా పలుకుబడి కాదు, బరువు. దాన్ని కాపాడుకుంటూ పరిగెత్తడంతోనే ఆట అయిపోతుంది.

ఇక్కడ మనవాళ్ళం చాలామందిమి అలాంటి గోడలమే. ఇల్లుంది, కారుంది, పేరున్న ఉద్యోగముంది. హెచ్-1బీ మీద ఆ ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు. అందుకే శనివారం కూడా రావాలంటే సరే అంటాం. జీతం పెంచమని అడగడానికి నోరు రాదు. మా టీములో సిటిజన్ అయిన కుర్రాడొకడు "కుదరదు" అని నవ్వుతూ అనేస్తాడు. పనిలో మనకన్నా మొనగాడేం కాదు. వాడికి రెండో కన్నుంది, అంతే.

గోలో హోన్తే అని ఒక మాట ఉంది. తెగిపోయే చోటు తెగకముందే వెనక్కెళ్ళి ఒక రాయి వేసి కట్టుకోవడం. చూసేవాళ్ళకి బద్ధకంలా ఉంటుంది. కానీ దాని తర్వాతే ధైర్యంగా దాడి చేయగలం.

ఈ ఏడాది నా హోన్తే ఏంటంటే, ఊళ్ళో రెండో ప్లాటుకి అడ్వాన్సు ఇవ్వలేదు. ఆ డబ్బు ఎనిమిది నెలల ఖర్చుకని విడిగా పెట్టాను. "అందరూ కొంటుంటే నీకేమొచ్చిందిరా" అని నాన్నకి కోపం. ఫోన్‌లో గో గురించి చెప్పబోతే వినలేదు. పులి-మేకలో పెట్టి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"అంటే, మేక వెనక ఖాళీ పూడుస్తున్నావన్నమాట" అన్నాడు.

ప్లాటు సంగతి మళ్ళీ ఎత్తలేదు.