బానెట్ ముందరి ఐదు మీటర్లు

యాసంగి కోతలు మొదలయ్యాయంటే పెద్దపల్లి నుంచి కాల్వశ్రీరాంపూర్ పోయే దారిలో సగం రోడ్డే బండ్లకు, మిగతా సగం వడ్లకు. డి-83, డి-86 కాలువల కింద పండిన పంట కోత మిషన్ నుంచి పచ్చిగానే ట్రాక్టరు ట్రాలీలోకి దిగుతుంది. తేమ 17 శాతానికి మించితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. ఆరబోయడానికి కల్లాలు చాలవు, తారు రోడ్డు వేడికి గింజ తొందరగా ఎండుతుంది. కాబట్టి రైతును తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కుప్ప అంచున బండరాళ్లు పెడతారు. పొద్దుగూకితే వడ్ల మీద నల్ల పరదా కప్పుతారు. నల్ల రోడ్డు మీద నల్ల పరదా, దాని పక్కన మోకాలెత్తు రాయి. ఆ రాళ్లకు తగిలి బైకు మీద పోయేవాళ్లు పడిపోయారన్న వార్త లేని కోతల కాలం ఉండదు.

ఇప్పుడు ఈ రోడ్ల మీదికి ఎక్కువగా దిగుతున్నవి పెద్ద బండ్లు. ఎస్‌యూవీ అని కంపెనీలు అంటాయి, మన దగ్గర పెద్ద బండి అంటే చాలు. వాటిని ఎందుకు కొంటున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే కారణం. కిరాయికి బండి తోలే ఒక తమ్ముడు నాతో అన్నాడు: "ఎత్తుల కూసుంటే దూరం దాంక కొడ్తది అన్నా సూపు. చిన్న కార్ల కూసుంటే ముంగటి లారీ డాలా తప్ప ఏం కానరాదు."

అతను చెప్పింది నిజం. రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్ దాటి రామగుండం వైపు పోతుంటే బొగ్గు లారీలు, బూడిద లారీలు వరుసగా ఎదురవుతాయి. ఆ దుమ్ములో ఒక జానెడు ఎత్తు ఎక్కువున్నా మేలే. అయితే ఎత్తు సీటు దూరాన్ని చూపించినంత బాగా దగ్గరను చూపించదు. ఈ రెండో సగాన్ని షోరూములో ఎవరూ చెప్పరు. నన్నడిగితే మన ఊళ్లకు అదే ముఖ్యం.

కొంచెం లెక్క చూద్దాం. పెద్ద బండిలో డ్రైవరు కన్ను నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. బానెట్ ముందు అంచు 110 సెంటీమీటర్ల ఎత్తు, కంటికీ ఆ అంచుకూ మధ్య 180 సెంటీమీటర్ల దూరం. కంటి నుంచి బానెట్ అంచు మీదుగా గీత గీస్తే అది నేలను తాకేది బండికి ముందు దాదాపు ఐదు మీటర్ల అవతల. అంటే ఆ ఐదు మీటర్ల నేల డ్రైవరుకు లేనట్టే. ఇప్పుడు చిన్న కారు తీసుకోండి. కన్ను 120 సెంటీమీటర్ల ఎత్తులో, బానెట్ అంచు 75 దగ్గర, మధ్య దూరం అంతే. నేల మూడు మీటర్ల అవతల నుంచే కనబడుతుంది. పైనున్నవాడికి తక్కువ, కిందున్నవాడికి ఎక్కువ! ఇంకో మెట్టు ముందుకు పోతే గుండె ఝల్లుమంటుంది. 90 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్ల చిన్న కారు ముందు ఎంత దగ్గరగా నిలబడ్డా తల కనిపిస్తుంది. పెద్ద బండి ముందు 90 సెంటీమీటర్ల లోపు నిలబడితే ఆ పిల్ల నెత్తి కూడా కనిపించదు. వాకిట్లో బండి నిలిపే ఇండ్లు మనవి. తాత బండి తీస్తున్నాడంటే ముందుగా ఉరికొచ్చేది మనుమరాలే.

బానెట్‌ను గోడలా నిలబెట్టాలని ఏ ఇంజనూ అడగదు. అది సోకు కోసం, దర్జా కోసం పెట్టిన రూపం. అమెరికాలో బీమా సంస్థలు నడిపే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2023లో ఒక అధ్యయనం బయటపెట్టింది. బానెట్ 40 అంగుళాలకు మించిన బండ్లు నడిచేవాళ్లను గుద్దితే, 30 అంగుళాలు మించని, వాలుగా దిగిన బానెట్ ఉన్న బండ్లతో పోలిస్తే ప్రాణం పోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని తేలింది. 2025లో అదే సంస్థ పాత మోడళ్లనూ కొత్త మోడళ్లనూ పక్కపక్కన పెట్టి కొలిచింది. 1997 హోండా సీఆర్-వీలో డ్రైవరుకు ముందున్న పది మీటర్ల లోపు స్థలంలో 68 శాతం కనిపించేది. 2022 మోడల్‌కు వచ్చేసరికి అది 28 శాతానికి పడిపోయింది. బండి పేరు అదే, కంపెనీ అదే. పాతికేండ్లలో సగానికి పైగా నేల కనుమరుగైంది.

మన పాత బండ్లను తలుచుకుంటే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మంథని, గోదావరిఖని దారుల్లో కమాండర్ జీపులు, ట్రాక్సులు, తర్వాత తుఫాన్లు కిరాయికి తిరిగేవి. వాటిలో సుఖం తక్కువ. కానీ ముందు మడ్‌గార్డు రెండు మూలలూ డ్రైవరు కంటికి ఆనేవి, ఏ మూల ఎక్కడుందో చేతికి తెలిసేది. 1994లో టాటా సుమో, 2000లో టయోటా క్వాలిస్, అదే ఏడు మహీంద్రా బొలెరో వచ్చాయి. మూడింటికీ నిటారు అద్దాలు, భుజం కిందికి దిగిన కిటికీలు, సన్నని పిల్లర్లు. క్వాలిస్ మీద నాకు ఇప్పటికీ ప్రేమ. అందగత్తె కాదది. అయితే వెనక వరుసలో కూర్చున్న ముసలమ్మ కూడా తల తిప్పితే చాలు, పొలం గట్టు, చెరువు కట్ట, పక్కూరి గుడి గోపురం అన్నీ చూసుకుంటూ పోయేది. 2005లో ఆ బండిని ఆపేశారు.

తర్వాత కిటికీ అంచు పైకి పాకింది. చక్రాలు పెద్దవయ్యాయి, వాటికి తగ్గట్టు ఒళ్లు ఎత్తుగా, అద్దం సన్నగా ఉంటే బండి బలంగా కనిపిస్తుందని డిజైనర్లు పట్టుకున్నారు. వెనక కిటికీ చివరకు వచ్చేసరికి పైకి కోసుకుపోతుంది. మా చుట్టాల ఇంటి కొత్త బండిలో వేములవాడ పోతుంటే మూడో వరుసలో కూర్చున్న పెద్దవ్వ అన్న మాట నన్ను వదల్లేదు. "బిడ్డా, ఇటు రేకే ఉన్నది, అటు రేకే ఉన్నది. ఏ ఊరొచ్చిందో ఎట్ల తెల్వాలె?" అరగంటకు ఆమెకు కడుపులో తిప్పింది. కండ్లకు కదలిక కనబడక, ఒళ్లు మాత్రం ఊగుతుంటే తిప్పక ఏం చేస్తుంది?

1989లో బ్రిటన్ నుంచి వచ్చిన ల్యాండ్ రోవర్ డిస్కవరీ డిజైన్‌లో ఈ పెద్దవ్వ గురించి ఆలోచించిన వాళ్లున్నారని అనిపిస్తుంది. వెనక సీటును ముందు సీటు కంటే ఎత్తున పెట్టి, టాప్‌ను అక్కడ పైకి లేపి, ఆ వంపులో చిన్న అద్దాలు అమర్చారు. మన టాటా సియెర్రా 1991లో వెనక పక్క అద్దాన్ని టాప్ మీదికి వంచింది. రెండే తలుపులు, వెనక అద్దం తెరుచుకోదు, ఎండకు లోపల ఉడికిపోయేది. లోపాలున్నాయి, కానీ వెనక కూర్చున్నవాళ్లకు ఆకాశం ఇచ్చింది. 2025 నవంబరులో అదే పేరుతో వచ్చిన కొత్త బండిలో ఆ వంపు అద్దం గుర్తు కోసం నలుపు వేశారు. అద్దం స్థానంలో అద్దం జ్ఞాపకం మిగలడం నాకు బాధే.

లోపలి జాగా సంగతికొస్తే, మన బండ్ల కొలతను ఇంటి అవసరం కంటే పన్ను ఎక్కువ నిర్ణయించింది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలుకు 1200 సీసీ, డీజిలుకు 1500 సీసీ దాటని ఇంజను ఉంటే ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. ఆ గీత ఇప్పటికీ చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో చిన్న బండికి 18 శాతం, పెద్ద బండికి 40 శాతం. అందుకే బొలెరో పొడవు 3995 మిల్లీమీటర్లు. ఆ నాలుగు మీటర్లలోనే ఇంజను, ఏడుగురు, సామాను. ఇక మిగిలేదేంటి? సామాను జాగా ఎగిరిపోతుంది, లేదంటే వెనకవాళ్ల మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. 4662 మిల్లీమీటర్ల స్కార్పియో-ఎన్‌లో కూడా మూడో వరుస ఎత్తిపెడితే డిక్కీలో రెండు సంచులు పట్టడమే గగనం. మేడారం జాతరకు పోయే కుటుంబానికి బంగారం (బెల్లం) బుట్ట, వంట గిన్నెలు, బియ్యం, చద్దర్లు, కోళ్లు ఎక్కడ పెట్టాలి? టాప్ మీద కట్టాలి. టాప్ మీద బరువు పెరిగితే ఎత్తు బండి మలుపులో మరింత ఒరుగుతుంది.

అద్దం పెరగాలంటున్న నాకు రామగుండం ఎండ తెలియక కాదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు అది. అద్దం ఎంత పెద్దదైతే లోపల సెగ అంత ఎక్కువ. అందుకే జనం నల్ల ఫిల్ములు అంటించారు, 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని నిషేధించింది. ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పోవాలన్నది అప్పటి నిబంధన. కంపెనీలు వేడిని ఆపే గాజు వేయగలవు. ఆ ఖర్చు టాప్ మీది సన్‌రూఫ్‌కు పెడుతున్నాయి. తెరిస్తే సెగ, దుమ్ము, మూస్తే తలకు జాగా తక్కువ. మన ఎండకు సన్‌రూఫ్ ఎందుకో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

పిల్లర్ల విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పకూడదు. అవి లావెక్కింది సోకు కోసమే కాదు. బండి పల్టీ కొడితే టాప్ కూలకుండా మోసేవి అవే, పక్క ఎయిర్‌బ్యాగులు దాగేదీ వాటి పక్కనే. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2022లో స్కార్పియో-ఎన్‌కు పెద్దల రక్షణలో ఐదు నక్షత్రాలు వచ్చాయి, 2024లో బొలెరో నియోకు ఒక్కటే వచ్చింది. పాత రూపాన్ని పట్టుకుని కూర్చుంటే సరిపోదని ఆ ఒక్క నక్షత్రం గట్టిగానే చెబుతోంది. అయినా కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో పది సెంటీమీటర్ల మందమున్న పిల్లర్, రెండు కండ్లతో చూసినా, 20 మీటర్ల అవతల ఒక మీటరు వెడల్పును మింగేస్తుంది. ఎదురొచ్చే బైకూ మనిషీ ఇద్దరూ అందులో ఇమిడిపోతారు. చౌరస్తాలో మలుపు తిరుగుతున్నప్పుడు ఆ బైకు కూడా మనతో సమానంగా కదిలితే పిల్లర్ వెనకనే ఉండిపోతుంది, గుద్దుకునే దాకా బయటపడదు. దీనికి మందు లేదని కంపెనీలు అంటే నమ్మను. 2020 హోండా జాజ్‌లో ముందు పిల్లర్‌ను సగానికి పైగా సన్నం చేసి, బరువును వెనకున్న ఇంకో పిల్లర్ మీద వేశారు. చూపూ దక్కింది, రక్షణా తగ్గలేదు. కావాలనుకున్నవాళ్లకు దారి దొరికింది.

కెమెరాలు ఉన్నాయి కదా అంటారు. 2019 జులై నుంచి వెనక సెన్సార్లు అన్ని కార్లకూ తప్పనిసరి చేశారు, మంచి పని. చుట్టూ చూపే కెమెరాలు కూడా ఖరీదైన మోడళ్లలో వస్తున్నాయి. కానీ వానకాలంలో పొలం బాట మీద ఒక్కసారి పోయొస్తే ఆ బొట్టంత గాజు మీద బురద పేరుకుంటుంది. ముందు అద్దాన్ని తుడవడానికి వైపర్ ఉంటుంది, కెమెరాకు చాలా బండ్లలో గుడ్డ పట్టుకుని మనమే దిగాలి.

సుల్తానాబాద్‌లో ఉండే మా బామ్మర్ది మొన్న ఫోన్ చేసి, "బావా, రెండు బండ్లు అనుకున్న, ఏది తీసుకోమంటవ్?" అని అడిగాడు. పేరు చెప్పలేదు నేను. కరీంనగర్ షోరూముకు పోయేటప్పుడు అత్తమ్మను, చిన్నపిల్లను వెంట తీసుకుపొమ్మన్నాను. బండి ఆపి ఉన్నప్పుడే అత్తమ్మను మూడో వరుసలోకి ఎక్కించాలి. ఆమె ఎవరి చెయ్యి పట్టకుండా ఎక్కగలిగిందా, కూర్చున్నాక బయట ఏం కనబడుతోందో అడగాలి. డ్రైవరు సీట్లో తాను కూర్చుని, బానెట్ ముందు పిల్లంత ఎత్తున్న అట్టపెట్టెను ఒకరు బండికి దూరంగా జరుపుతూ పోతుంటే అది ఎక్కడ కనబడిందో అక్కడ చాక్‌పీసుతో గీత గీయాలి. రెండు బండ్లకూ గీస్తే తేడా నేల మీదే తెలుస్తుంది. టెస్ట్ డ్రైవ్‌కు వాళ్లు నాలుగు లేన్ల రోడ్డు మీదికి తీసుకుపోతారు, అక్కడ ఏ బండయినా బాగానే ఉంటుంది. పొద్దుగూకాక, వడ్లు పోసిన ఊరి రోడ్డు మీద పది కిలోమీటర్లు తోలనిస్తారా అని అడగమన్నాను. ఒప్పుకోకపోతే ఆ బండి ఇప్పటికే కొన్నవాళ్లు పక్క ఊళ్లో ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లనడిగి ఆ రోడ్డు మీద ఒక రాత్రి తోలి చూసి, అప్పుడు అడ్వాన్సు కట్టమన్నాను.