కణుపుల మీద లెక్క

అరకు, సోమవారం రాత్రి

చెల్లీ,

చేరాను. రైల్లో కిటికీ పక్కనే సీటు దొరికింది. కొత్తవలస–కిరండూల్ లైన్లో 58 సొరంగాలంటారు కదా, చిన్నప్పుడు ఇద్దరం పోటీపడి లెక్కపెట్టేవాళ్ళం. ఈసారి పన్నెండో పదమూడో దగ్గర తప్పిపోయి వదిలేశాను. బొర్రా గుహలు చూశాను, బాగున్నాయి. వాన వదలడం లేదు. కుట్లు వేసిన చోట చలికి పీకుతోంది. కాఫీ కూడా రుచించలేదు. ఆపరేషనై ఆరు నెలలు, ఉద్యోగం మానేసి నాలుగు. రాత్రి పడుకుంటే పోయినవన్నీ వరసగా గుర్తొస్తాయి. పాచిపెంట వెళ్ళి చిన్నమ్మమ్మని చూసి రమ్మని అమ్మ అనకపోతే రేపే తిరుగు రైలెక్కేదాన్ని. మీ బావగారు పూటకోసారి ఫోన్ చేసి మాత్రల సంగతే అడుగుతున్నారు. మరిదిగారు నడక మొదలెట్టారా, ఇంకా బూట్లు కొనడం దగ్గరే ఉన్నారా?

పాచిపెంట, బుధవారం

మూడు బస్సులు మారి సాలూరులో దిగేసరికి ఒళ్ళు హూనమైంది. ఊరంతా ఎప్పటిలాగే లారీలు. పాచిపెంటకి ఆటో అడిగితే నూటయాభై అన్నాడు. వందకి పైసా ఎక్కువివ్వనన్నాను. వాన, మీరొక్కరే, తిరుగు బేరం ఉండదు అని అతను. పెద్ద దూరమా ఏమిటి అని నేను. పావుగంట గొడవ. నలుగురూ చూస్తున్నారు. చివరికి అతనే తగ్గాడు. ఇక్కడ దిగాక సరిగ్గా వంద లెక్కపెట్టి చేతిలో పెట్టాను.

చిన్నమ్మమ్మ తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసి, “ఒలే గుంటా, ఎండు నెత్తల్లాగ అయిపోనావేటే!” అంది. ఎనభై ఆరేళ్ళు. ముందు పన్ను ఒకటి తప్ప ఏమీ మారలేదు. పుట్టింది సాలూరులో, కాపురానికొచ్చింది పాచిపెంటకి. ఈ తాలూకా దాటి ఎక్కడా ఉండలేదు. అయినా ఆవిడవి నాలుగు జిల్లాలు. పుట్టినప్పుడు విశాఖపట్నం, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. “నాను కదల్లేదే, జిల్లాలే నా సుట్టూ తిరిగినాయి,” అంటుంది.

భోజనం సంగతి చెప్పాలి. మట్టి పిడతలో రాత్రి నుంచి పులిసిన చోడంబలి, నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ, కాల్చిన ఎండుమిరపకాయ. మధ్యాహ్నం వెదురు కొమ్ముల కూర. లేత కొమ్ములు సన్నగా తరిగి, నీళ్ళు మార్చి మార్చి ఉడకబెట్టి, చేదంతా పోయాక ఉల్లి, పచ్చిమిర్చి వేసి మగ్గించింది. అడ్డాకు విస్తరి మీద వేడన్నం, ఆ కూర. ఆరు నెలల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. నేను తింటున్నంతసేపూ ఆవిడ ఎదురుగా కూర్చుని, పెద్దగెడ్డ నిండిన సంగతీ, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడడం లేదో ఆ సంగతీ చెబుతూనే ఉంది.

రాత్రి దీపం తగ్గించాక మంచం మీంచి అడిగింది: “ఇయ్యాల నీకు ఎవులేటి సేసినారే?” ఎవరూ ఏమీ చెయ్యలేదన్నాను. లేచి కూర్చుంది. వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుతూ తన లెక్క చెప్పింది. పాలబ్బాయి వానలో ఆగకుండా వచ్చాడు. పక్కింటి పిల్ల సూదిలో దారం ఎక్కించింది. కొమ్ములు తెచ్చిన మనిషి ఒలిచి మరీ ఇచ్చింది. తర్వాత నా వంతు కూడా తనే చెప్పింది: “ఆటో గుంటడు తడుసుకుంటా నీ బేగు గుమ్మం దాకా మోసినాడు. కిటికీలోంచి సూసినాను.” నాకు నోట మాట రాలేదు. తొంభై దాటి, మోకాళ్ళకి ఆపరేషన్లయ్యాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్ళి ఫిజిక్స్ పాఠం చెప్పిన చిలుకూరి శాంతమ్మగారి గురించి పేపర్లో చదివి మనం ఎంత ఆశ్చర్యపోయాం! ఈవిడకి బడి లేదు, పలకా లేదు. పాఠం మాత్రం రోజూ ఉంది.

పాచిపెంట, శనివారం

వాన తెరిపిచ్చింది. నిన్న చిన్నమ్మమ్మ నన్ను కొండ మీది కొండదొరల ఊరికి తీసుకెళ్ళింది. ఆటో కొంత దూరమే. ఆపైన బురద దారి. గొడుగు ఊతంగా ఆవిడ ముందు, ఆయాసపడుతూ నేను వెనక. దారి పక్క చోడి చేలు పచ్చగా ఉన్నాయి. చంకలో చీర, బెల్లం మూట.

ఎందుకో ఎక్కుతూ చెప్పింది. అరవై ఏళ్ళ కిందట శ్రావణంలో గెడ్డ పొంగింది. ఈవిడకి నొప్పులొచ్చాయి, తాతయ్య ఊళ్ళో లేడు, సాలూరు వెళ్ళే దారి లేదు. అడ్డాకులు అమ్మడానికి దిగి, ఇవతలి గట్టునే చిక్కుకుపోయిన కొండదొర మంత్రసాని పురుడు పోసింది. అడ్డం తిరిగిన బిడ్డ. మన మామయ్య. గెడ్డ తీశాక కూడా ఆవిడ నాలుగు రోజులు ఉండిపోయింది, కొండ మీద తన చోడి నాట్లు వదులుకుని. “ఆ ఏడు ఆలింట్లో గింజల్లేవు. నాకు తెలిసింది మరుసటేడు,” అంది చిన్నమ్మమ్మ. అక్కడ ఒక్క క్షణం నిలబడిపోయింది. ఆవిడ ఆగడం నేను చూసింది అక్కడే.

అప్పట్నుంచి ఏటా వానల్లో చీర పట్టుకుని ఎక్కుతోంది. మంత్రసాని పోయింది, ఆమె కూతురూ పోయింది. ఇప్పుడు మనవరాలికి ఇస్తోంది. వాళ్ళూ వట్టి చేతులతో పంపరు. మాకు కందదుంపలు, కొండచీపుర్లు కట్టిచ్చారు. తీరిపోయే రుణం అయితే అరవై ఏళ్ళు ఎందుకు ఎక్కుతుంది? తీరకూడదనే ఎక్కుతోందనిపించింది నాకు.

తిరిగొచ్చాక ఆ ఆటో అబ్బాయిని పిలిపించి మిగతా యాభై ఇచ్చాను. ముందు వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. రాత్రి నా కణుపులు పదకొండు దాకా వెళ్ళాయి. అందులో మీ బావగారి ఫోన్లు రెండు.

సోమవారం బయల్దేరతాను. దసరా సెలవులకి నువ్వు పిల్లల్ని తీసుకుని ఇక్కడికి రా. వచ్చేటప్పుడు మెత్తటి నూలు చీర ఒకటి కొను. కొండ మీది పిల్లకి నెలలు నిండుతున్నాయి. ఈసారి చీర మనిద్దరి చేత పెట్టిస్తానంది చిన్నమ్మమ్మ.

అక్క