కొట్టని దెబ్బ

క్యూబా డాన్సు సంగీతాన్ని కర్ణాటక సంగీతం నేర్చిన చెవితో వింటే మొట్టమొదట తికమక పెట్టేది సమం. ఆవృత్తం మొదలయ్యే చోట, మనం తొడ మీద అరచెయ్యి వేసే చోట చప్పుడు ఉండదు. బాస్ వాయించే ఆయన కొంచెం ముందే తీగ మీటి, ఆ స్వరాన్ని అలాగే మోగనిస్తూ సమం దాటించేస్తాడు. పియానో దాని మీద నిలబడదు. డోలు దాన్ని ఎత్తి చూపదు. అయినా వాయించేవాళ్ళలో ఒక్కరూ దారి తప్పరు. కాసేపు విన్నాక మన కాలు కూడా తప్పదు. ఈ ఒక్క సంగతి నాకు సంగీతం గురించీ, మనుషులు కలిసి పనిచేసే తీరు గురించీ చాలా నేర్పింది.

ఆ పాఠం చెప్పినవాళ్ళు ముగ్గురు వృద్ధులు. పియానో మీద బెబో వాల్దెస్, నిలువు బాస్ మీద కచావో అని లోకమంతా పిలిచే ఇస్రాయెల్ లోపెస్, కాంగా డోళ్ళ మీద పతాతో అనే కార్లోస్ వాల్దెస్. 2001లో వచ్చిన ‘ఎల్ ఆర్తె దెల్ సబోర్’ రికార్డులో ముగ్గురూ కలిసి వాయించారు. బెబో, కచావో ఇద్దరూ 1918లో, నెల కూడా తేడా లేకుండా పుట్టారు. పతాతో వాళ్ళకంటే ఎనిమిదేళ్ళు చిన్న. కొన్ని చోట్ల క్యూబా శాక్సొఫోన్ వాద్యగాడు పకీతో ద్రివేరా వచ్చి చేరతాడు. మిగిలినదంతా ఈ ముగ్గురి సంభాషణే. డెబ్బై, ఎనభై దాటిన వేళ్ళు ఎక్కడా తొందరపడవు, ఎక్కడా బరువెక్కవు.

ఆ సంభాషణ వెనకున్న లెక్క చెప్తాను. నోటితో అంటూ చేత్తో వేసి చూడండి. తకధిమి తకఝణు, తకధిమి తకఝణు. మొత్తం 16 అక్షరాలు. మొదటి ఎనిమిదింటిలో మొదటి ‘త’ మీద, ‘మి’ మీద, ‘ఝ’ మీద దెబ్బ వెయ్యండి. తర్వాతి ఎనిమిదింటిలో ‘ధి’ మీద, దాని వెనక వచ్చే ‘త’ మీద దెబ్బ వెయ్యండి. ఒకవైపు మూడు, ఇంకోవైపు రెండు. ఈ అయిదు దెబ్బల అల్లికే క్లావే. రెండు పొట్టి కర్రలను ఒకదానితో ఒకటి తాకించి దీన్ని మోగిస్తారు. కొన్ని పాటలు మూడు దెబ్బల వైపు నుంచి మొదలవుతాయి, కొన్ని రెండు దెబ్బల వైపు నుంచి. ఏ వైపున మొదలైతే ఆ వరసనే చివరిదాకా నిలుపుకోవాలి. పియానో ఎంత దూరం తిరిగొచ్చినా ఆ వరస తిరగబడితే వింటున్న క్యూబా మనిషికి వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు బాస్ సంగతి. దాని వాడుక నడకలో రెండే దెబ్బలు, ‘మి’ మీద ఒకటి, ‘ఝ’ మీద ఒకటి. క్లావే మూడు దెబ్బల వైపు నుంచి చివరి రెండింటిని తీసుకుని ప్రతి ఎనిమిది అక్షరాలకూ వాటినే వేస్తూ పోతుంది. ‘ఝ’ మీద మీటిన స్వరం రాబోయే ఆవృత్తపు శ్రుతిమేళానికి చెందుతుంది. అంటే రేపటి మాట ఇవాళే మొదలై, తెల్లవారే గడియను మోగుతూనే దాటుతుంది. కాంగా ‘ధి’ మీద చురుగ్గా ఒక చరుపు వేసి, చివరి ‘ఝణు’ మీద రెండు నిండు మోతలు వదులుతుంది. పియానో రెండు చేతులతో ఒకే స్వరమాలను స్థాయి తేడాతో వాయిస్తూ అక్షరాల సందుల్లోంచి నడుస్తుంది. ఆ నడక తూర్పు క్యూబాలో త్రెస్ అనే గిటారు మీద పుట్టింది, పియానో దాన్ని అందిపుచ్చుకుంది. సోన్ అనే క్యూబా నాట్యాన్ని పాత పద్ధతిలో ఆడేవాళ్ళు కూడా మొదటి లెక్కను ఊపిరిలా విడిచిపెట్టి, రెండు, మూడు, నాలుగు మీద అడుగులు వేస్తారు.

ఇక మిగిలింది మొదటి ‘త’. ఈ ముగ్గురిలో దాని మీద ఎవరి చెయ్యీ లేదు. అందరి లెక్కా మాత్రం దాని చుట్టూనే తిరుగుతుంది.

పెద్ద డాన్సు బృందంలో క్లావే కర్రలకు ఒక మనిషి ఉంటాడు, గీరే బుర్రకు ఇంకొకడు, గిలక్కాయలకు మరొకడు. ముగ్గురే కూర్చున్న చోట ఆ చేతులు ఉండవు. క్లావేను ఎవరూ పనిగట్టుకుని మోగించరు, ముగ్గురి మనసులోనూ అది నడుస్తూ ఉంటుంది. ఒకే రోట్లో ముగ్గురు రోకళ్ళతో దంచుతుంటే ఒకరి రోకలి లేచే సందులోనే మరొకరిది దిగాలి. ఈ త్రయం వాయించేదీ అలాగే, తమ సొంత దెబ్బ మీద ఎంత శ్రద్ధ పెడతారో ఎదుటివాడి కోసం వదిలే సందు మీదా అంతే శ్రద్ధ పెడతారు.

మన కచేరీలో ఆనందం వేరే దారిలో వస్తుంది. అక్కడా కృతి సమం మీదే ఎత్తుకోవాలని లేదు. అతీత, అనాగత గ్రహాలు మనకు కొత్తవి కావు. కానీ తాళం గాయకుడి చేతి మీద అందరికీ కనిపిస్తూ ఉంటుంది. మృదంగం తీర్మానం మూడుసార్లు తిరిగి ఎత్తుగడ మీద వచ్చి వాలినప్పుడు సభ ఒక్కసారిగా తలూపుతుంది. విడిపోయినవాళ్ళు అందరూ చూస్తుండగా ఒకచోట కలుసుకోవడంలో ఉన్న నిండుదనం అది. క్యూబా త్రయంలో కలుసుకునే చోటు బయటికి వినిపించదు. అక్కడ ముగ్గురూ ఉన్నారన్న భరోసా మాత్రం ప్రతి ఆవృత్తంలోనూ తెలుస్తుంది. నా చెవికి మొదటి రకం నిండుదనం చిన్నప్పటినుంచీ తెలుసు. రెండోది నేర్చుకున్నాక మొదటిదాని విలువ కూడా పెరిగింది.

ఈ సంగీతంలో మనోధర్మం డాన్సు పక్కన విడిగా కూర్చోలేదు, డాన్సు కడుపులోనే పుట్టింది. 1879 జనవరి 1న మతాన్సాస్ పట్టణంలో మిగెల్ ఫైల్దె బృందం ‘లాస్ ఆల్తురాస్ దె సింప్సన్’ వాయించింది. దన్సోన్ అనే జంట నాట్యానికి జన్మదినంగా చెప్పుకునేది ఆ రోజునే. దన్సోన్‌లో ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. మొదటి భాగం వాయిస్తున్నంత సేపూ జంటలు ఆడవు. నిలబడి కబుర్లు చెప్పుకుంటాయి, ఆడవాళ్ళు విసనకర్రలు విప్పుతారు. తర్వాతి భాగంలోనే అడుగు పడుతుంది. 1938లో కచావో అన్న ఒరెస్తెస్ లోపెస్ ‘మాంబో’ అనే దన్సోన్ కట్టాడు. అన్నదమ్ములిద్దరూ అప్పుడు ఆంతోనియో అర్కాన్యో బృందంలో ఉన్నారు. వాళ్ళు దన్సోన్ చివరి భాగాన్ని తెరిచి, ఒకే నడకను మళ్ళీ మళ్ళీ తిప్పుతూ, దాని మీద వాద్యగాడు తోచినంత అల్లుకునే వీలు కల్పించారు. ఆడేవాళ్ళ ఒంట్లో లయ ఎంత బాగా కుదురుకుంటే వాయించేవాడికి అంత దూరం వెళ్ళే ధైర్యం వస్తుంది. లయను నిలబెట్టే పనిలో సగం ఆ పాదాలు మోస్తున్నాయి మరి.

1957లో కచావో హవానాలోని పనార్త్ స్టూడియోలో తోటి వాద్యగాళ్ళను కూర్చోబెట్టి దెస్కార్గాలు, అంటే అప్పటికప్పుడు కలిసి అల్లుకునే వాయింపులు, రికార్డు చేశాడు. వాళ్ళందరికీ రాత్రంతా క్లబ్బుల్లో డాన్సులకు వాయించే పని. ఆ పని ముగించుకుని తెల్లవారుజామున వచ్చి, ముందుగా రాసుకున్న స్వరాలంటూ పెద్దగా లేకుండా వాయించారు. ఈ కచావోయే దాదాపు మూడు దశాబ్దాలు హవానా ఫిల్‌హార్మోనిక్‌లో బాస్ వాయించాడు, కుర్రతనంలోనే అందులో చేరాడు. సింఫనీకి ఒక చెయ్యి, డాన్సుకు ఒక చెయ్యి ఆయన విడిగా ఉంచుకోలేదు. పతాతో కూడా డోలును డోలుగానే వదిలెయ్యలేదు. మరలు బిగించి కాంగాను శ్రుతి చేసుకునే పద్ధతికి దారి వేసినవాడని ఆయనకు పేరు. ఆ త్రయం రికార్డులో కాంగాలు లయతో పాటు రాగమూ పలుకుతాయి, పియానో వేసిన ప్రశ్నకు కొన్నిసార్లు జవాబు డోలు నుంచే వస్తుంది.

బెబో జీవితం గురించి ఆలోచించినప్పుడు ఈ పాఠం నాకు ఇంకా లోతుగా దిగింది. హవానాలో పేరుమోసిన ట్రోపికానా క్లబ్బులో 1948 నుంచి దాదాపు పదేళ్ళు ఆయన పియానో వాయించాడు, బృందానికి కూర్పులు రాశాడు. 1952లో అమెరికా నిర్మాత నార్మన్ గ్రాంజ్ కోసం హవానాలో రికార్డయిన తొలినాటి క్యూబా జాజ్ దెస్కార్గా ఆయన నడిపిందే. 1960లో దేశం విడిచాడు. 1963లో స్వీడన్ చేరి, అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడు. తర్వాత మూడు దశాబ్దాలు స్టాక్‌హోమ్ హోటళ్ళలో, భోజనానికి వచ్చినవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఒక మూల పియానో వాయించాడు. 1994లో పకీతో ద్రివేరా ఫోన్ చేసి రికార్డుకు రమ్మన్నాడు. అప్పుడు బెబో వయసు 76. కచావో కూడా 1962లో క్యూబా వదిలి, తర్వాత మయామీలో పెళ్ళిళ్ళకూ వేడుకలకూ వాయిస్తూ గడిపాడు. 1993లో నటుడు ఆండీ గార్సియా తీసిన డాక్యుమెంటరీ ఆయన్ని మళ్ళీ లోకం ముందు నిలబెట్టింది.

అన్నేళ్ళు వేరువేరు ఊళ్ళలో ఉన్న ఈ మనుషులు మళ్ళీ కలిసి కూర్చున్నప్పుడు వినిపించేదేమిటి? ఒకరికొకరు ఏదీ గుర్తు చెయ్యాల్సిన అవసరం లేని నెమ్మది. బెబో ఒక పలుకు మధ్యలో ఆపి చేతులు ఎత్తేస్తే కచావో ఆ ఖాళీని నింపే ప్రయత్నం చెయ్యడు. తన రెండు దెబ్బలు తను వేసుకుంటూ ఆ ఖాళీని ఖాళీగానే కాపాడతాడు. క్లావేను ఒంటరిగా ఎన్నేళ్ళయినా లోపల మోయవచ్చు. దాన్ని కొట్టకుండా వదిలెయ్యగలగాలంటే మాత్రం పక్కన అది తెలిసిన మనిషి ఉండాలి. మౌనంగా నిలిచే ఒప్పందం ఎప్పుడూ ఒక్కరిది కాదు.

ఇది ఒకే దేశంలో పుట్టినవాళ్ళకే దొరికే వరమా అని నన్ను నేను అడిగాను. క్యూబా పియానిస్టు గొన్సాలో రుబల్కాబా ఆ సందేహం తీర్చాడు. దన్సోన్ ఆయన వంశంలోనే ఉంది. తాత హకోబో రుబల్కాబా దన్సోన్లు కట్టిన మనిషి, తండ్రి గియెర్మో పియానిస్టు. 1986లో అమెరికా బాస్ వాద్యగాడు చార్లీ హేడెన్ హవానా వచ్చినప్పుడు ఈ కుర్రవాడి వాయింపు విన్నాడు. 1990లో మాంట్రూ జాజ్ ఉత్సవంలో రుబల్కాబా, హేడెన్, డ్రమ్ముల మీద పాల్ మోషియన్ త్రయంగా వాయించారు. ఆ ఇద్దరు అమెరికన్లూ క్లావే వింటూ పెరిగినవాళ్ళు కారు. మోషియన్ లయను గట్టుకట్టిన కాలువలా నడిపే మనిషి కూడా కాదు. అయినా ఆ కచేరీ రికార్డు వింటే ముగ్గురూ ఒకే చోట నిలబడి ఉన్నారని తెలుస్తుంది. అక్కడి ఒప్పందం వారసత్వంగా రాలేదు, వాయిస్తూ వాయిస్తూ చెవులతో కుదుర్చుకున్నది. పంచుకోవడానికి పుట్టుక ఒక దారి, శ్రద్ధగా వినడం ఇంకో దారి.

నేను పిల్లలకు సంగీతం చెప్తాను. సరళీస్వరాల దగ్గరినుంచీ తాళం చేత్తో వెయ్యమంటాను, దెబ్బ స్పష్టంగా వినిపించమంటాను. ఆ పద్ధతి మార్చలేదు, మార్చను కూడా. త్రయం నేర్పిన మొదటి నీతి అదే మరి. వాళ్ళు సమాన్ని కొట్టకుండా వదలగలిగారంటే, అంతకుముందు ఎన్నో ఏళ్ళు కొట్టి, ఆడి, ఒంటికి పట్టించుకున్నారు. సాధన లేని మౌనంలో లెక్క ఉండదు. ఇప్పుడు దానికి ఇంకొకటి చేర్చాను. పిల్లలకు పాట బాగా వచ్చాక, ముగ్గురు నలుగురిని ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని పాడమంటాను. కళ్ళు మూసుకోవద్దంటాను, ఒకరినొకరు చూసుకోమంటాను. మొదట పాట జారుతుంది. కొందరు పరుగెత్తుతారు, కొందరు వెనకబడతారు. తర్వాత ఒక పిల్ల పక్కవాళ్ళ ఊపిరి వినడం మొదలుపెడుతుంది, ఆ వినడం మిగతావాళ్ళకు అంటుకుంటుంది. చెయ్యి వేస్తున్నప్పుడు వాళ్ళు తాళాన్ని వింటారు, చెయ్యి ఆపినప్పుడు ఒకరినొకరు వింటారు. రెండూ కావాలి, ఈ వరసలోనే కావాలి.

సంగీతం గది దాటి బయటికి వచ్చినా ఇదే పాఠం నాకు పనికొస్తోంది. ఇంట్లోగానీ, నలుగురు కలిసి నడిపే పనిలోగానీ ప్రతి ముఖ్యమైన మాటనూ నేనే ఎత్తి చెప్పాలన్న ఆరాటం మనిషికి సహజం. ఎదుటివాళ్ళకు ఆ మాట తెలుసని నమ్మి దాన్ని వదిలెయ్యడం వాళ్ళకు ఇచ్చే గౌరవం. ఆ నమ్మకం గుడ్డిది కాకూడదు. ముందు కలిసి కూర్చుని గట్టిగా లెక్క చెప్పుకుని, ఏ వైపు నుంచి మొదలుపెట్టామో తేల్చుకుని, అందరికీ ఒంటబట్టేదాకా ఓపిక పట్టాలి. అంత పని చేశాక చెయ్యి వెనక్కి తీసుకోవాలి. అలా తీసుకున్న చోటే తోటివాళ్ళ మనోధర్మానికి చోటు దొరుకుతుంది. ఒక బృందం ఎంత బలమైనదో చెప్పమంటే, వాళ్ళు కలిసి ఎంత గట్టిగా వాయించారో నేనిప్పుడు చూడను. ఏ దెబ్బను ఎవరూ కొట్టనక్కర్లేదని వాళ్ళు నమ్ముతున్నారో దాన్నే చూస్తాను.