పదివేలు మిగిల్చిన బావ

మా మేనబావ ఏ పెళ్లిలో ఎదురైనా నాకు ముందు గుర్తొచ్చేది ఒక అంకె. 9,995. ఆయన ఎలా ఉన్నావురా అని అడిగేలోపే అది మనసులో మెదులుతుంది.

2022 వేసవిలో గేమింగ్ కన్సోల్ కొనాలనుకున్నాను. డిస్క్ పెట్టుకునే రకం 49,990. డిస్క్ స్లాట్ లేని డిజిటల్ రకం 39,990. మిగతా సరుకంతా ఒకటే. "ఈ రోజుల్లో డిస్కులు ఎవడు కొంటున్నాడ్రా? పదివేలు మిగులుతాయి. వాటితో రెండు పెద్ద గేములొస్తాయి" అన్నాడు బావ. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నా పాత ల్యాప్‌టాప్‌లో నేను ఆడుకునే, చిన్నచిన్న జట్లు చేసే ఇండీ గేముల్ని ఓ చూపు చూసి, "ఇవి షార్ట్ ఫిల్ములు. డబ్బు పెడితే పెద్ద హీరో సినిమాకి పెట్టాలి, అదీ బెనిఫిట్ షోకి" అన్నాడు. ఇంకా విడుదల కాని ఓ భారీ గేముకి డీలక్స్ ఎడిషన్ నా చేత ముందే బుక్ చేయించాడు. 5,999.

డీలక్స్ అంటే ఏమిటయ్యా అంటే, హీరోకి ఒక బంగారు రంగు కోటు, అందరికంటే మూడు రోజులు ముందు ఆడే భాగ్యం. ఆ మూడు రోజులూ గేము అరగంటకోసారి ఆగిపోయేది. మొత్తం 11 గంటలు ఆడి వదిలేశాను. ఎనిమిది నెలలకి, బగ్గులన్నీ సర్దుకున్నాక, అదే గేము సేల్‌లో 2,999కి కనిపించింది. అంటే మూడు రోజులు ముందు కూర్చున్నందుకు రోజుకి వెయ్యి రూపాయలు కట్టాను. ఆ కోటు ఇప్పటికీ నా అకౌంట్‌లో ఉంది.

కన్సోల్‌ని ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకున్నాను. ప్రాసెసింగ్ ఫీజు 199, దానిమీద జీఎస్టీ, డిస్కౌంట్‌గా ఇచ్చామన్న వడ్డీమీద మళ్లీ జీఎస్టీ, అన్నీ కలిపి 559 అయింది. నా ఇండీ గేముల్లో ఒకటైన స్టార్‌డ్యూ వ్యాలీని 2017లో 479కి కొన్నాను. ఖర్చు లేదన్న ఈఎంఐకి అయిన ఖర్చులో ఆ గేము వచ్చి, చిల్లర 80 చేతిలో మిగిలేది.

ఇక అసలు లెక్క. మూడేళ్లలో కన్సోల్ మీద ఐదు పెద్ద గేములు కొన్నాను. ఒకటి 5,999, మూడు 4,999 చొప్పున, ఒకటి సేల్‌లో 2,499. మొత్తం 23,495. డిజిటల్ కాబట్టి ఒక్కటీ తిరిగి అమ్మడానికి లేదు. మా ఆఫీసులో పక్క సీటు కుర్రాడిది డిస్క్ రకం. వాడు ఏ గేమైనా రెండు నెలలు ఆగి, సికింద్రాబాద్ సీటీసీలోనో ఓఎల్ఎక్స్‌లోనో మూడు వేలకి పాత డిస్క్ పట్టుకొస్తాడు. ఆడేసి 2,300కి అమ్మేస్తాడు. గేముకి 700. నేను ఆడిన ఐదింటికీ వాడికైంది 3,500. నాకూ వాడికీ తేడా 19,995. బావ మిగిల్చిన పదివేలు తీసేస్తే 9,995.

పదివేలు మిగుల్చుకుందామని పోయి పదివేలు పోగొట్టుకున్నాను, ఐదు రూపాయలు తక్కువగా. (ఈఎంఐ డబ్బు ఇందులో కలపలేదు. అది బావ చెప్పింది కాదు, నా సొంత తెలివి.)

పోనీ, తెలియక చెప్పాడనుకుందాం. ఆర్నెల్ల తర్వాత కొండాపూర్‌లో వాళ్లింటికి వెళ్తే టీవీ కింద డిస్క్ రకం కన్సోల్ మెరుస్తోంది. "ఇదేంటి బావా?" అన్నాను. "అప్పుడు అదొక్కటే స్టాక్ ఉందిరా" అన్నాడు. అక్కయ్య ఉప్మా పెట్టింది. తిని వచ్చేశాను.

గంటకెంత పడింది అనే లెక్క అప్పుడు మొదలెట్టాను. ఐదు పెద్ద గేములూ కలిపి 114 గంటలు ఆడాను, గంటకి 206 రూపాయలు. డీలక్స్ ఒక్కదానికే చూస్తే 545. అటు స్టార్‌డ్యూ వ్యాలీ 212 గంటలు. గంటకి రెండు రూపాయల పావలా. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడ్, అన్నీ తానే చేసి 2016లో విడుదల చేసిన గేము. ఉద్యోగం విసుగెత్తిన మనిషి తాతగారి పొలానికి వెళ్లి సాగు మొదలెట్టడమే కథ. మా నాన్న అమ్మేసిన పొలం గుర్తొచ్చి ఆడుతున్నానంటుంది మా ఆవిడ. అంత లేదు. తర్వాత నలుగురి దాకా కలిసి ఆడే ఏర్పాటు వచ్చింది, 2024లో కూడా పెద్ద అప్‌డేట్ వచ్చింది, దేనికీ పైసా అడగలేదు. ఆస్ట్రేలియాలో అడిలైడ్ కుర్రాళ్లు చేసిన హాలో నైట్ సేల్‌లో 240కి దొరికితే 48 గంటలు ఆడాను. రెండూ కలిపి 260 గంటలకి 719 రూపాయలు. గంటకి 2.77.

ఈ అంకెల్ని ఎక్సెల్‌లో పెట్టి బావకి వాట్సాప్ చేశాను. బొటనవేలు పంపాడు.

నిజం చెప్పాలంటే ఆ షీట్‌లో నేనూ కొంచెం మోసం చేశాను. ఇండీ గేములు నేను కొనే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో రెండు వారాల్లోపు, రెండు గంటలు మించి ఆడకపోతే డబ్బు వెనక్కిస్తారు. అలా రెండు గేములు తిప్పి పంపాను, అవి పోను. కానీ సేల్‌లో చవకగా ఉన్నాయని కొని, ఒక్కసారీ తెరవని ఇండీ గేములు 14 ఉన్నాయి. మొత్తం 3,310. నుమాయిష్‌లో కొనుక్కొచ్చి అటక మీద పడేసిన కూరగాయలు తరిగే మిషన్ల లాంటివి. వాటినీ కలిపితే గంటకి 2.77 కాస్తా 15.50 అవుతుంది. 206 ముందు ఇప్పటికీ చవకే, కానీ బావకి పంపినప్పుడు ఆ వరస దాచేశాను.

పెద్ద గేములకి అంత ధర ఎందుకో తెలియక కాదు. ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి 22 కోట్ల డాలర్లు అయిందని 2023లో అమెరికా కోర్టు కాగితాల్లో బయటపడింది. అంటే సుమారు 1,800 కోట్ల రూపాయలు. వార్తల్లో వచ్చిన 550 కోట్ల లెక్కన ఆర్ఆర్ఆర్‌లు మూడు తీయొచ్చు. అంత పెట్టినవాడు మొదటి వారంలోనే రాబట్టుకోవాలని చూస్తాడు. ఆగగలిగినవాడికి అదే గేము సగానికి వస్తుంది. నెలవారీ సబ్‌స్క్రిప్షన్లూ ఉన్నాయి, నాలా నెలకి నాలుగు రోజులు ఆడేవాడికి అవి గిట్టవు.

అసలు గంటకెంత అన్న కొలతే నాకిప్పుడు అనుమానం. దాని ప్రకారం డైలీ సీరియల్‌ని మించిన కళ లేదు. స్టార్‌డ్యూ 212 గంటల్లో ఓ నలభై, ఆఫీసు కాల్ నడుస్తుంటే తెర అలా వదిలేసినవే.

నా షీట్‌లో రెండో వరస ఘోస్ట్ ఆఫ్ సుషిమా. 4,999, 34 గంటలు, గంటకి 147. పేరు పక్కన ఎర్ర రంగు వేశాను. అది ఆడుతున్న రోజుల్లో, దసరాకి అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి మూడు వారాలు ఉంది. 1274లో జపాన్ దీవి మీదికి మంగోలులు దండెత్తిన కథ అది. అమ్మకి అదంతా పట్టలేదు. రాత్రి ఎనిమిదింటికి సోఫాలో పక్కన కూర్చుని గుర్రాన్ని చూసేది. గేము మొదట్లో గుర్రానికి మనమే పేరు ఎంచుకోవాలి. నేను నోబు అని పెట్టాను. అమ్మ నోటికి అది బాబు అయింది. "బాబుని అలా ఎండలో పరిగెత్తించకురా, కాసేపు నిలబెట్టు" అనేది. నిలబెట్టేవాణ్ణి. శత్రువుని వదిలేసి గుర్రాన్ని గడ్డిలో నిలబెట్టిన నిమిషాలు కూడా ఆ 34 గంటల్లోనే ఉన్నాయి. మీటరు తిరుగుతున్నట్టు అప్పుడు నాకు అనిపించలేదు.

అమ్మ ఊరెళ్లిన పది రోజులకి కథలో ఆ గుర్రం చచ్చిపోయింది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు మందులూ, కరెంటు బిల్లూ అయ్యాక అడిగింది, "మన బాబు ఎలా ఉన్నాడు?" అని.

"బానే ఉన్నాడమ్మా. గడ్డి తింటున్నాడు" అన్నాను.