దీపం మీద లేని పేరు

న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కుకు ఎదురుగా ఉన్న న్యూయార్క్ హిస్టారికల్ మ్యూజియంలో, రంగుగాజు ముక్కలతో చేసిన టిఫనీ దీపాల గ్యాలరీ ఉంది. చీకటి గదిలో దాదాపు వంద దీపాలు వెలుగుతుంటాయి. వాటి గురించి రాసి పంపమని సంపాదకులు అడిగితే, న్యూజెర్సీలో ఉండే మా వదినను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆవిడ సాయంత్రం క్లాసులకు పోయి రంగుగాజు పని నేర్చుకున్న మనిషి. అందరూ దీపం తర్వాత దీపం చూస్తూ సాగిపోతుంటే, ఆవిడ విస్టీరియా పూల దీపం దగ్గర ఆగిపోయింది. పైన ముదురు కంచుతో పోతపోసిన కొమ్మలు, వాటి కింద గుత్తులు గుత్తులుగా దిగిన ఊదా, నీలం పూరేకులు. షేడు అంచును తిన్నగా కోయలేదు. ఏ గుత్తి ఎక్కడ ముగిస్తే అంచు అక్కడే. దాదాపు రెండు వేల గాజు ముక్కలున్నాయి ఆ ఒక్క దీపంలో.

మా పక్కన ఒక తండ్రి కొడుక్కి చెబుతున్నాడు, టిఫనీ ఎంత గొప్ప కళాకారుడో అని. వదిన నా చెవిలో, "ఇది గీసింది ఆయన కాదు, క్లారా. గోడమీద రాసే పెట్టారు, చదివితేగా!" అంది. ఆ విసుగు ఇంటికెళ్లేదాకా తగ్గలేదు. నాకూ అంటుకుంది.

క్లారా డ్రిస్కాల్ 1861లో ఒహాయో రాష్ట్రంలో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. నలుగురు అక్కచెల్లెళ్లలో ఈమే పెద్దది. క్లీవ్‌లాండ్‌లో డిజైన్ చదివి, 1888లో న్యూయార్క్ వచ్చి, లూయీ కంఫర్ట్ టిఫనీ కంపెనీలో చేరింది. మరుసటేడు పెళ్లయింది. పెళ్లయిన ఆడవాళ్లకు అక్కడ ఉద్యోగం ఉండదు, మానేసింది. 1892లో భర్త చనిపోయాక మళ్లీ చేరింది. ఆ ఏడాదే గాజు పనివాళ్ల సంఘం సమ్మె కట్టింది. మరుసటేడు షికాగోలో ప్రపంచ ప్రదర్శన ఉంది, పని ఆగకూడదు. అందుకని టిఫనీ ఆడవాళ్లతో గాజు కోసే విభాగం తెరిచాడు. దాన్ని నడిపింది క్లారా.

ఆ పని ఎలాంటిదో నాకు ఇంటికెళ్లాక వదిన బల్ల దగ్గర అర్థమైంది. ఒక పూరేకు ఆకారంలో కత్తిరించిన కాగితాన్ని రంగుగాజు పలక మీద పెట్టి అటూ ఇటూ జరుపుతోంది. పలకను ఎత్తి దీపానికి అడ్డంగా పట్టుకుంటుంది, దించుతుంది, కాగితాన్ని కాస్త తిప్పుతుంది. "రేకు మొదట్లో ముదురు, కొసకు వచ్చేసరికి లేత. ఆ రెండూ ఈ పలకలో పక్కపక్కనే ఎక్కడో ఉన్నాయి. అక్కడే కొయ్యాలి" అంది. దొరికాక కట్టర్‌తో గీత గీసింది. ఒక్కటే గీత, మధ్యలో చెయ్యి ఎత్తకుండా. రెండు చేతుల బొటనవేళ్లతో వంచితే టక్కున విరిగింది. అంచు అరగదీసి, దాని చుట్టూ సన్నటి రాగి రేకు చుట్టింది. గాజుకు అటు ఎంత మడిస్తే ఇటూ అంతే మడవాలి. తేడా వస్తే టంకం గీత వంకర పోతుందట. చిన్న పుల్లతో ఆ రేకును రుద్ది రుద్ది అంటించింది. ఒక్క ముక్కకు పట్టిన సమయం చూసి, దాన్ని రెండు వేలతో గుణించి చూడాలనిపించలేదు.

అక్కడ కుంచె లేదు, పూసే రంగు లేదు. ఏ ముక్కను ఎక్కడి నుంచి కోయాలన్న నిర్ణయంలోనే చిత్రకళ అంతా ఉంది. తూనీగ దీపం, విస్టీరియా దీపం గీసి, ఆ రంగుల ఎంపికను నడిపించింది క్లారా. తూనీగ దీపానికి 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో కాంస్య పతకం వచ్చింది. విస్టీరియా దీపం వెల 1906లో 400 డాలర్లు. క్లారా జీతం వారానికి 35 డాలర్లు. తాను గీసిన దీపం ఒక్కటి కొనాలంటే పదకొండు వారాల జీతం కూడా చాలదు. 1903లో మగ పనివాళ్ల సంఘం ఈ విభాగాన్ని మూయించాలని చూసింది. చివరికి ఆడవాళ్లు 27 మందికి మించకూడదన్న ఒప్పందంతో సద్దుమణిగింది. 1909లో క్లారా మళ్లీ పెళ్లి చేసుకుని కంపెనీ వదిలింది. 1944లో కన్నుమూసింది. దీపాలు మాత్రం టిఫనీ పేరుతోనే చలామణి అయ్యాయి.

టిఫనీని తక్కువ చేయక్కర్లేదు. గాజులోకే రంగును కలిపే విద్యకు ఏళ్ల తరబడి డబ్బు, బుద్ధి పెట్టినవాడు. ఆడవాళ్ల చేతికి పని అప్పగించినవాడూ ఆయనే. కానీ పని చేసినవారి పేరు రాయకపోవడం మరుపు వల్ల జరిగింది కాదు. అన్నిటి మీదా ఒకే పేరు ఉంటే సరుకుకు గిరాకీ. అది వ్యాపారం చేసుకున్న ఏర్పాటు.

మరి మనకెలా తెలిసింది? క్లారా ఒహాయోలోని తల్లికి, చెల్లెళ్లకు ఉత్తరాలు రాసేది. ఏ దీపం ఎలా మొదలైంది, ఎవరితో పేచీ వచ్చింది, అన్నీ అందులో ఉన్నాయి. కొన్ని ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో, కొన్ని క్వీన్స్ హిస్టారికల్ సొసైటీలో ఉండిపోయాయి. పరిశోధకులు వాటిని చదివాక, 2007లో మేం చూసిన ఈ మ్యూజియమే క్లారా పేరుతో ప్రదర్శన పెట్టింది. చనిపోయిన అరవై మూడేళ్లకు. ఆ ఇంట్లోవాళ్లు ఉత్తరాలు పారేసి ఉంటే ఆ పేరూ లేదు.

నన్ను కలవరపెడుతున్నది మన సంగతి. పోచంపల్లి చీరకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నకిలీలను అడ్డుకోవడానికి అది కావాల్సిందే. అయితే అది ప్రాంతాన్ని గుర్తిస్తుంది. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి, ఏ నూలుకు రంగు అంటకుండా ఎక్కడ చిటికి కట్టాలో తేల్చిన మనిషి పేరు చీర మీద ఉండదు. చీర పట్నం చేరేసరికి దుకాణం పేరే డిజైన్ పేరు. నేతకు ముందు నూలు చుట్టే ఆసు యంత్రం అనగానే చింతకింది మల్లేశం పేరు చెబుతాం. ఆ పేరు చెప్పడం వల్ల నేతకు గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు కదా. యంత్రం కనిపెట్టినవారికి దక్కిన ఆ మర్యాద, డిజైన్ గీసినవారికి ఎందుకు దక్కకూడదు?

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి చేనేత సంఘం ఒక రిజిస్టరు పెట్టుకుని, డిజైన్, గీసినవారు, చిటికి కట్టినవారు, నేసినవారు, సంవత్సరం రాసిపెడితే చాలు. అవే పేర్లు చీర లేబుల్ మీద కూడా వేయాలి. క్లారాకు ఇంటికి ఉత్తరం రాసే అలవాటు ఉండబట్టి ఆమె పేరు దక్కింది. మన డిజైనర్లు ఇవాళ ఉత్తరాలు రాయరు, ఫోన్లో మాట్లాడతారు. వాళ్ల పేర్లు ఏ పెట్టెలోనూ దొరకవు. వాళ్లు బతికుండగానే, అడిగితే చెప్పగలిగిన ఈ రోజుల్లోనే, రాసుకోవాలి.